ఎం3 మస్కారినిక్ రిసెప్టర్ ఏ అవయవంలో ఏం చేస్తుంది? మందులు, మోతాదులు, ఎక్కడ తేడా కొడుతుంది

సెకండియర్_స్వాతి

అందరికీ నమస్కారం. ఫార్మకాలజీలో ఆటోనమిక్ చాప్టర్ (మన ప్రమేయం లేకుండా అవయవాలను నడిపే నరాల పాఠం) నడుస్తోంది. నరాలు వదిలే ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే మస్కారినిక్ రిసెప్టర్లలో ఎం3 ఒకటి. పట్టికలో ఎం3 ఎదురుగా శ్వాసనాళాలు బిగుస్తాయి, మూత్రాశయం బిగుస్తుంది, పేగు కదలిక పెరుగుతుంది, గ్రంథులు స్రవిస్తాయి అని ఉంది. అదే గడిలో చివరన "రక్తనాళాలు సడలుతాయి" అని కూడా ఉంది. రెండుచోట్లా స్మూత్ మజిలే. రెండుచోట్లా సంకేతాన్ని కణం లోపలికి చేరవేసేది జీక్యూ ప్రోటీనే, పెరిగేది కాల్షియమే. మరి ఒకచోట బిగుసుకోవడం, ఇంకోచోట సడలడం ఎలా? బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవాలని ఉంది. వార్డుల్లో పనిచేసే సీనియర్లు మందుల వైపు నుంచి కూడా చెప్తే ఇంకా మేలు.

ఫార్మా_శారద

స్వాతీ, పట్టిక అక్కడ ఒక ముఖ్యమైన మాట మింగేసింది. రక్తనాళంలో సడలింపు తెచ్చే ఎం3 కండరం మీద లేదు, లోపలి పొర ఎండోథీలియం మీద ఉంది.

ముందు అన్నిచోట్లా ఒకేలా జరిగేది చూద్దాం. ఎసిటైల్‌కోలిన్ ఎం3కి అతుక్కుంటే జీక్యూ ద్వారా ఫాస్ఫోలైపేజ్ సీ పనిలోకి దిగుతుంది. అది పొరలోని ఫాస్ఫోలిపిడ్‌ను విరిచి ఐపీ3, డీఏజీ అనే రెండింటిని ఇస్తుంది. ఐపీ3 కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం వదిలిస్తుంది. ఎం3 పని ఇంతే. తర్వాత ఏం జరుగుతుందో ఆ కాల్షియం ఏ కణంలో పెరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

శ్వాసనాళపు కండరంలో కాల్షియం కాల్మాడ్యులిన్‌తో కలిసి మయోసిన్ లైట్ చైన్ కైనేజ్‌ను లేపుతుంది, కండరం బిగుస్తుంది. లాలాజల గ్రంథిలో అదే కాల్షియం క్లోరైడ్ ఛానెళ్లు తెరుస్తుంది. క్లోరైడ్ బయటికి పోతే వెనకే సోడియం, నీరు పోతాయి, ఉమ్మి ఊరుతుంది. ఎండోథీలియంలో అయితే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును కదిలిస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరంలోకి వ్యాపించి సైక్లిక్ జీఎంపీ పెంచి దాన్ని సడలిస్తుంది. సంకేతం అందుకున్న కణం వేరు, సడలిన కణం వేరు.

దీన్ని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జావాడ్‌స్కీ కుందేలు అయోర్టా ముక్కలతో తేల్చారు. లోపలి పొర చెక్కుచెదరని ముక్క ఎసిటైల్‌కోలిన్‌కు సడలింది, పొర రుద్దేసిన ముక్క సడలలేదు. ఆ దారిలో సాగిన పరిశోధనకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది.

ఇంకో సంగతి. చాలా రక్తనాళాలకు పారాసింపథెటిక్ నరాలే (విశ్రాంతి వేళ పనులు నడిపే, ఎసిటైల్‌కోలిన్ వదిలే నరాలు) అందవు. రిసెప్టర్ ఉంది కదా అని మామూలుగా రక్తపోటును అదే నడుపుతోందనుకోకు. బయటి నుంచి మందు ఎక్కించినప్పుడు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

క్యాత్‌ల్యాబ్_కిరణ్

శారద గారు చెప్పింది క్యాత్ ల్యాబ్‌లో కళ్లారా కనిపిస్తుంది. యాంజియోగ్రామ్‌లో పూడిక లేదు, అయినా విశ్రాంతిలో ఛాతీనొప్పి వస్తోంది అన్నప్పుడు కరొనరీ స్పాజమ్ (గుండె రక్తనాళం ఉన్నట్టుండి ముడుచుకోవడం) ఉందేమో చూడటానికి ఎసిటైల్‌కోలిన్‌ను నేరుగా కరొనరీలోకి ఇస్తారు. ఎడమ వైపు 20, 50, 100 మైక్రోగ్రాములు, కుడి వైపు 20, 50, మెట్టు మెట్టుగా. ఎండోథీలియం ఆరోగ్యంగా ఉంటే నాళం తెరుచుకుంటుంది. అది దెబ్బతిని ఉంటే కండరం మీద ఉన్న మస్కారినిక్ రిసెప్టర్లదే పైచేయి అవుతుంది, నాళం ముడుచుకుంటుంది.

కుడి కరొనరీలోకి ఇచ్చేటప్పుడు టెంపరరీ పేసింగ్ వైర్ సిద్ధంగా ఉండాలి. గుండె లయను నడిపే సైనస్ నోడ్‌కి, ఏవీ నోడ్‌కి రక్తం ఎక్కువమందిలో అటునుంచే వెళ్తుంది. అక్కడున్నది ఎం2. గుండె కొన్ని క్షణాలు ఆగిపోవచ్చు. ఎసిటైల్‌కోలిన్ వెంటనే విరిగిపోతుంది కాబట్టి సాధారణంగా దానంతటదే కోలుకుంటుంది, కానీ ఆ క్షణాలకి పేసింగ్ కావాలి.

సెకండియర్_స్వాతి

ధన్యవాదాలు మేడమ్, సార్. కండరం మీద కాదు, ఎండోథీలియం మీద అన్న ఒక్క మాటతో ముడి విడిపోయింది. మరి గుండెలో ఎం2 కూడా కాల్షియం దారేనా?

ఫార్మా_శారద

కాదు. సరి సంఖ్యలు ఒక జట్టు, బేసి సంఖ్యలు ఒక జట్టు. ఎం1, ఎం3, ఎం5 జీక్యూతో నడుస్తాయి. ఎం2, ఎం4 జీఐ అనే ఇంకో ప్రోటీన్‌తో నడుస్తాయి, సైక్లిక్ ఏఎంపీ తగ్గిస్తాయి. సైనస్ నోడ్‌లో ఇంకో దగ్గరి దారి కూడా ఉంది. జీఐ విడిపోయినప్పుడు దాని బీటా-గామా భాగం పక్కనే ఉన్న పొటాషియం ఛానెల్‌ను నేరుగా తెరుస్తుంది. మధ్యలో రెండో దూత ఎవరూ లేరు కాబట్టి వేగస్ (గుండెను నిదానింపజేసే పారాసింపథెటిక్ నరం) ప్రభావం ఒకటి రెండు బీట్లలోనే తెలుస్తుంది.

ఎం2 వల్ల గుండె మందగిస్తే మస్కారినిక్ రిసెప్టర్లను మూసే అట్రోపిన్ 1 మి.గ్రా. ఐవీ, 3–5 నిమిషాలకోసారి, మొత్తం 3 మి.గ్రా. దాకా. కానీ అట్రోపిన్ చేసేది వేగస్‌ను తప్పించడమే. బ్లాక్ ఏవీ నోడ్ కింద ఉంటే, అంటే మోబిట్జ్ రెండో రకమో, వెడల్పు క్యూఆర్ఎస్‌తో కంప్లీట్ హార్ట్ బ్లాకో అయితే, అట్రోపిన్‌ను నమ్ముకుని కూర్చోకూడదు, పేసింగ్ పిలవాలి. మార్పిడి చేసిన గుండెకు వేగస్ తెగిపోయి ఉంటుంది, అక్కడా అట్రోపిన్‌కి తప్పించడానికేమీ ఉండదు.

మెడికల్‌షాపు_వేణు

చిన్న సందేహం అండీ. శ్వాసనాళాలు విప్పడానికి పీల్చే మందుల్లో టయోట్రోపియం ఎం3 మీద మాత్రమే పనిచేస్తుంది, ఇప్రాట్రోపియం అన్నిటి మీదా పనిచేస్తుంది అని కంపెనీ రిప్రజెంటేటివ్‌లు చెప్తుంటారు. నిజమేనా?

ఛాతీవార్డు_రఘు

అది సగమే నిజం వేణు గారూ. అతుక్కోవడంలో టయోట్రోపియంకి ఎం2, ఎం3 మధ్య పెద్ద తేడా లేదు. తేడా వదిలిపెట్టడంలో ఉంది. ఎం2ని కొన్ని గంటల్లో వదిలేస్తుంది, ఎం3ని రోజు దాటినా పట్టుకునే ఉంటుంది. అందుకే రోజుకొక్కసారి సరిపోతుంది.

ఎం2 గొడవ ఇక్కడ ఎందుకంటే, శ్వాసనాళంలో ఎం2 నరపు చివర మీద కూర్చుని ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ ఎక్కువైతే "ఇక చాలు" అని విడుదలను ఆపేది అదే. ఎం2, ఎం3 రెంటినీ మూసేస్తే కండరం దగ్గర అడ్డు పెట్టామే గానీ నరం ఇంకా ఎక్కువ ఎసిటైల్‌కోలిన్ వదులుతుంది. మందు పలచబడగానే ఆ పోటీ మొదలవుతుంది. వైరల్ ఇన్ఫెక్షన్లలో ఈ ఎం2 సరిగ్గా పనిచేయదు. జలుబు చేసిన వారంలో ఆస్తమా రోగికి వేగస్ ద్వారా వచ్చే బిగుతు పెరగడానికి అదొక కారణం.

వాడకం సంగతి. ఇప్రాట్రోపియం నెబ్యులైజర్‌లో పెద్దలకు 500 మైక్రోగ్రాములు. 15–30 నిమిషాల్లో పట్టు దొరుకుతుంది, 4–6 గంటలుంటుంది. సాల్బుటమాల్ అంత త్వరగా అందుకోదు కాబట్టి ఆస్తమా అటాక్‌లో దాన్ని ఒంటరిగా ఇవ్వరు, కలిపి ఇస్తారు. టయోట్రోపియం పొడి క్యాప్సూల్ అయితే 18 మైక్రోగ్రాములు రోజుకోసారి. సీఓపీడీలో (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఇది రోజువారీ మందు, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది కాదు. ఆ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మింగితే పేగు నుంచి దాదాపు ఎక్కదు, ఊపిరితిత్తికి చేరదు. కౌంటర్ దగ్గర పరికరంలో ఒకసారి పెట్టి చూపిస్తే ఈ తప్పు పోతుంది.

ఇంకొకటి. నెబ్యులైజర్ మాస్కు ముక్కు పక్కన సరిగ్గా అతుక్కోకపోతే పొగమంచులా కంట్లోకి లీకవుతుంది. ఇప్రాట్రోపియం కనుపాపను విప్పుతుంది, సాల్బుటమాల్ కంట్లో నీటి ఉత్పత్తి పెంచుతుంది. కోణం ఇరుకుగా ఉన్న కంట్లో ఈ రెండూ కలిస్తే అక్యూట్ గ్లాకోమా (కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం) రావచ్చు. గ్లాకోమా ఉన్నవారికి మాస్కు కంటే నోట్లో పెట్టుకునే మౌత్‌పీసే మంచిది. ఐసీయూలో ఒక కనుపాప మాత్రమే విప్పారి కనిపిస్తే సీటీకి పరిగెత్తేలోపు మాస్కు ఎటు వాలి ఉందో కూడా చూడండి. స్కాన్ అవసరమా అన్నది రోగి స్పృహను బట్టి తేల్చుకోవాలి. నెబ్యులైజర్ పెట్టారు కదా అని న్యూరో పరీక్ష మానకూడదు.

కంటివైద్యం_లత

రఘు గారి చివరి పేరాకి ఒక చేర్పు. అలాంటి కంట్లో 1 శాతం పైలోకార్పిన్ చుక్క వేసి చూడొచ్చు. మూడో నరం దెబ్బతిని విప్పారిన పాప చిన్నదవుతుంది, ఎందుకంటే ఎం3 ఖాళీగానే ఉంది. మందుతో మూసుకుపోయిన పాప కదలదు, ఎందుకంటే ఎం3 మీద ఇప్రాట్రోపియం కూర్చుని ఉంది.

కంట్లో ఎం3 రెండుచోట్ల ముఖ్యం. స్ఫింక్టర్ బిగిస్తే పాప చిన్నదవుతుంది. సీలియరీ కండరం బిగిస్తే లెన్స్ ఉబ్బి దగ్గరి వస్తువు కనిపిస్తుంది, పైగా అది ట్రాబెక్యులర్ జల్లెడను లాగి నీరు బయటికి పోయే దారి వెడల్పు చేస్తుంది. గ్లాకోమాలో పైలోకార్పిన్ ఆధారం ఇదే.

యాంగిల్ క్లోజర్ అటాక్‌లో జరిగే పొరపాటు: కంటి ఒత్తిడి 50–60 (మి.మీ. పాదరసం) ఉండగా ఐదేసి నిమిషాలకి పైలోకార్పిన్ పోస్తూ పోవడం. అంత ఒత్తిడిలో స్ఫింక్టర్‌కి రక్తమే అందదు. రిసెప్టర్ సంకేతం ఇచ్చినా కండరం కదలలేదు. ముందు ఎసిటజోలమైడ్, టిమోలాల్, అవసరమైతే మానిటాల్‌తో ఒత్తిడి 40 కిందికి దించి, అప్పుడు 2 శాతం పైలోకార్పిన్ వేయాలి. టిమోలాల్ వేసేముందు ఆస్తమా ఉందా అని అడగాలి.

పాప విప్పే చుక్కలు ఎంతసేపు ఉంటాయని రోగులు తప్పకుండా అడుగుతారు. ట్రోపికమైడ్ 4–6 గంటలు, సైక్లోపెంటోలేట్ ఒక రోజు, హోమట్రోపిన్ ఒకటి నుంచి మూడు రోజులు, అట్రోపిన్ వారం నుంచి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు.

పిల్లలకి 1 శాతం అట్రోపిన్ చుక్కలు రాసేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. 1 శాతం అంటే మి.లీ.కి 10 మి.గ్రా. ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ., అంటే అర మిల్లీగ్రాము. ఇంజెక్షన్ ఆంప్యూల్‌లో ఉండేదే 0.6 మి.గ్రా. రెండు కళ్లకీ చెరో చుక్క వేస్తే 1 మి.గ్రా. కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి ఎక్కేస్తుంది. పిల్లాడి ముఖం ఎర్రబడి, చెమట ఆగి, జ్వరం వస్తుంది, నోరు పిడచగడుతుంది. చుక్క వేయగానే కంటి లోపలి మూలను, ముక్కు పక్కన, వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోమని తల్లికి చేసి చూపించాలి. చిన్నపిల్లలకి ఆయింట్‌మెంట్ ఇంకా భద్రం.

యూరో_వంశీ

మూత్రాశయం సంగతి నేను చెప్తాను, ఇక్కడ పుస్తకం లెక్కకీ పనికీ పొంతన కుదరదు. మూత్రాశయం గోడలోని డెట్రూసర్ కండరంలో మస్కారినిక్ రిసెప్టర్లలో ఎక్కువ భాగం ఎం2, సుమారు 70–80 శాతం. ఎం3 మిగతా కొంతే. కానీ మూత్రం పోసేటప్పుడు కండరాన్ని నేరుగా బిగించేది ఆ కొద్దిపాటి ఎం3. ఎం2 సైక్లిక్ ఏఎంపీ తగ్గించి బీటా రిసెప్టర్ల సడలింపును అడ్డుకుంటుంది, పరోక్షంగా సాయపడుతుంది.

మనిషిలో రుజువు కూడా ఉంది. ఎం3 జన్యువు రెండు ప్రతులూ పనిచేయని అన్నదమ్ముల కుటుంబాన్ని 2011లో వివరించారు. పుట్టుకతోనే మూత్రాశయం సాగి ఉబ్బిపోయి, ప్రూన్ బెల్లీని (పుట్టుకతో పొట్ట కండరాలు లోపించి చర్మం ముడతలు పడి ఉండే జబ్బు) పోలిన పరిస్థితి. ఎం3 తీసేసిన ఎలుకల్లోనూ మూత్రాశయం ఉబ్బి, కనుపాపలు విప్పారి కనిపిస్తాయి.

ఓవర్‌యాక్టివ్ బ్లాడర్‌కి (ఆపుకోలేని తొందరతో మాటిమాటికీ మూత్రం రావడం) సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. రోజుకోసారి, చాలకపోతే 10. డారిఫెనాసిన్ 7.5, తర్వాత 15. ఎం3 వైపు మొగ్గు ఎక్కువున్నది డారిఫెనాసిన్‌కి. దాని లాభం మెదడు మీద భారం తక్కువ కావడం. నోరెండడం, మలబద్ధకం మాత్రం తప్పవు, ఎందుకంటే లాలాజల గ్రంథి, పేగు కూడా ఎం3వే. నాలుగు వారాలైనా వాడకుండా పనిచేయలేదని ఆపేయకూడదు.

మొదలుపెట్టే ముందు చూడాల్సింది పోసిన తర్వాత మిగిలే మూత్రం. అల్ట్రాసౌండ్‌లో 150–200 మి.లీ. పైన మిగులుతుంటే జాగ్రత్త. ప్రోస్టేట్ ఉన్న పెద్దాయన "మాటిమాటికీ వెళ్తున్నాను" అన్నంత మాత్రాన అది ఓవర్‌యాక్టివ్ కాదు. నిండి పొర్లుతున్న బ్లాడర్ కూడా అలాగే చెప్పిస్తుంది. అక్కడ సోలిఫెనాసిన్ రాస్తే పూర్తిగా కట్టేస్తుంది.

మనవైపు తరచూ తగిలే ఇంకో చిక్కు తామర మందు. ఇట్రాకొనజోల్ వారాల తరబడి వాడుతున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నారు. అది సీవైపీ3ఏ4 ఎంజైమును గట్టిగా ఆపుతుంది, సోలిఫెనాసిన్ రక్తంలో పేరుకుపోతుంది. అలాంటప్పుడు 5 మి.గ్రా. దాటకూడదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకీ, వడపోత ఇంచుమించు నిమిషానికి 30 మి.లీ. కింద ఉన్నప్పుడు, అదే హద్దు. మలబద్ధకంతో సతమతమయ్యే పెద్దవాళ్లకి మస్కారినిక్ దారే వదిలేసి బీటా రిసెప్టర్ల ద్వారా మూత్రాశయాన్ని సడలించే మిరాబెగ్రాన్ వైపు వెళ్లడం మెరుగని నా అభిప్రాయం. బీపీ మాత్రం చూసుకోవాలి.

మెడికల్‌షాపు_వేణు

వంశీ గారు చెప్పిన భారం మాకు చీటీల్లో కనిపిస్తుంది. ఒకే ముసలాయనకి మూడు చోట్ల నుంచి మూడు చీటీలు: నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, జలుబుకి క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన బిళ్ల, కడుపునొప్పికి డైసైక్లోమిన్. ఏ డాక్టరూ తప్పు రాయలేదు, కానీ మూడూ మస్కారినిక్ రిసెప్టర్లనే మూస్తాయి. ట్రైహెక్సిఫెనిడిల్, ప్రొమెథజిన్, హైడ్రాక్సిజిన్ కూడా ఇదే కోవ. నాలుగోది ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ మందు చేరితే ఆయనకి రాత్రిళ్లు పలవరింత, పగలు మూత్రం బిగింపు.

ఎండాకాలంలో ఇంకా ప్రమాదం. చెమట గ్రంథికి నరం సింపథెటిక్‌దే అయినా అది వదిలేది ఎసిటైల్‌కోలిన్, అందుకునేది ఎం3. మే నెలలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడే దారే లేదు. ఒంటికి చెమట లేదు, చర్మం పొడిగా కాలిపోతోంది, మాట తడబడుతోంది అంటే వడదెబ్బతో పాటు మందుల చీటీ కూడా తెమ్మనాలి.

సైక్_మాధురి

సైకియాట్రీ నుంచి రెండు మాటలు. స్కిజోఫ్రీనియా మందు క్లోజపిన్ మస్కారినిక్ రిసెప్టర్లను గట్టిగా మూస్తుంది, మలబద్ధకం ప్రాణం మీదికి తెచ్చేంతగా ఉంటుంది. మొదటి రోజు నుంచే విరేచనం గురించి అడిగి రాసుకోవాలి. అయినా రోగికి రాత్రి దిండు తడిసేలా చొంగ కారుతుంది. ఎం4 మీద అది కొంత ప్రేరకంగా పనిచేయడం, మింగడం మందగించడం, ఈ రెండూ కారణాలుగా చెప్తారు. పాంక్రియాస్ బీటా కణాల మీద కూడా ఎం3 ఉంది, భోజనం వేళ వేగస్ ద్వారా ఇన్సులిన్ విడుదలకు అది సాయపడుతుంది. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారిలో షుగర్ పెరగడానికి బరువుతో పాటు ఈ దారినీ అనుమానిస్తారు.

2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియాకి అనుమతి పొందిన జానోమెలిన్–ట్రోస్పియం జత ఈ చర్చకి చక్కగా సరిపోతుంది. జానోమెలిన్ ఎం1, ఎం4లను ప్రేరేపిస్తుంది, డోపమిన్ రిసెప్టర్‌ను ముట్టుకోదు. ఒంటరిగా ఇస్తే వాంతులు, విరేచనాలు, చెమట, చొంగ భరించలేనంత. ట్రోస్పియం క్వాటర్నరీ అమ్మోనియం, ఛార్జ్ ఉన్న అణువు, మెదడులోకి దాటలేదు. అందుకని బయట రిసెప్టర్లను మూస్తుంది, లోపలి వాటిని జానోమెలిన్‌కి వదిలేస్తుంది. 50/20 మి.గ్రా. (జానోమెలిన్/ట్రోస్పియం) రోజుకి రెండుసార్లతో మొదలుపెట్టి 100/20, ఆపైన 125/30 దాకా పెంచుతారు. భోజనానికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి.

ఫార్మా_శారద

మాధురి గారు చెప్పినదాన్నే నేను తరగతిలో నొక్కి చెప్తాను. 2012లో ఎం2, ఎం3 నిర్మాణాలు స్ఫటికాల ద్వారా బయటపడ్డాయి. ఎసిటైల్‌కోలిన్ కూర్చునే గుంట రెంటిలోనూ దాదాపు ఒకటే. ఐదు రకాల్లోనూ ఆ గుంటను చుట్టిన అమైనో ఆమ్లాలు అవే. కాబట్టి ఆ గుంటకే గురిపెట్టే మందుకి "ఎం3 మాత్రమే" అనేంత గురి దొరకడం చాలా కష్టం. ఒకవేళ దొరికినా, వంశీ గారన్నట్టు, నోరు, పేగు, కన్ను, చెమట అన్నీ ఎం3వే కదా.

అందుకే వైద్యంలో గురి వేరే రకంగా సాధించారు. టయోట్రోపియం పీల్చి ఊపిరితిత్తిలోనే ఉంచుతాం. పైలోకార్పిన్ కంట్లోనే వేస్తాం. ట్రోస్పియం, గ్లైకోపైరోలేట్‌లకు ఛార్జ్ తగిలించి మెదడు బయట ఆపుతాం. స్వాతీ, పరీక్షలో ఏ యాంటీమస్కారినిక్ ఎదురైనా ముందు అడగాల్సింది "ఏ సబ్‌టైప్?" అని కాదు. ఏ దారిన వెళ్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు పట్టుకుంటోంది, ఈ మూడూ అడుగు. దుష్ఫలితాలు నీకే తెలిసిపోతాయి.

మత్తు_మాధవ్

ఆ "ఎంతసేపు, ఎప్పుడు" అన్నది ఆపరేషన్ థియేటర్‌లో రోజూ పరీక్షే. కండరాలు సడలించిన మందు దించడానికి నియోస్టిగ్మిన్ ఇస్తాం, కిలోకి 0.05 మి.గ్రా., 5 మి.గ్రా. మించకుండా. మాకు కావలసింది కండరం మీదున్న నికోటినిక్ రిసెప్టర్ (ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే ఇంకో రకం) దగ్గర ఎసిటైల్‌కోలిన్ పెరగడం. కానీ అది ఒళ్లంతా పెరుగుతుంది, గుండె మందగిస్తుంది, శ్వాసనాళం బిగుస్తుంది, నోరంతా ఉమ్మి. అందుకే ప్రతి 1 మి.గ్రా. నియోస్టిగ్మిన్‌కి 0.2 మి.గ్రా. గ్లైకోపైరోలేట్ కలుపుతాం. 2.5కి 0.5 కలిపి 5 మి.లీ. ఆంప్యూల్‌గానే దొరుకుతుంది.

అట్రోపిన్ ఎందుకు కాదంటే, అది నిమిషంలో అందుకుంటుంది, నియోస్టిగ్మిన్ నింపాదిగా వస్తుంది. ముందు గుండె పరిగెత్తి తర్వాత మందగిస్తుంది. గ్లైకోపైరోలేట్ వేగం దానికి సరిపోతుంది, మెదడులోకి పోదు కాబట్టి పెద్దవాళ్లు మత్తు నుంచి తికమక లేకుండా లేస్తారు.

సెకండియర్_స్వాతి

ఇక చివరిది. పురుగుమందు విషప్రయోగంలో కూడా ఇదే కదా జరిగేది, ఎసిటైల్‌కోలిన్ ఒళ్లంతా పెరగడం. అక్కడ మాత్రం గ్లైకోపైరోలేట్ కాకుండా అట్రోపిన్ ఎందుకు? "పాపలు విప్పారే దాకా ఇవ్వాలి" అని సీనియర్లు అంటున్నారు, అది సరైన గుర్తేనా?

క్యాజువాలిటీ_ఫరీద్

అట్రోపిన్ ఎందుకంటే అది మెదడులోకి వెళ్తుంది. ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందు మెదడులోనూ ఎసిటైల్‌కోలిన్ పెంచి శ్వాస కేంద్రాన్ని అణుస్తుంది. పత్తి, మిర్చి చేలల్లో మందు కొట్టేటప్పుడు ఒంటి మీద పడి ఎక్కినా, ఇంకెలా ఎక్కినా వచ్చేది అదే చిత్రం: పాపలు సూదిమొన లాగా, చొంగ, చెమట, ఊపిరితిత్తుల నిండా నీరు, మందకొడి నాడి. వీటిలో నాడి ఎం2ది, మిగతావి ఎక్కువగా ఎం3వి. ప్రాణం తీసేది ఊపిరితిత్తుల్లో ఊరే స్రావం, శ్వాస ఆగడం.

పాపలు మంచి గుర్తు కాదు. పాప ఆలస్యంగా మారుతుంది. మందు కంట్లో పడితే మిగతా ఒళ్లు సర్దుకున్నా ఆ పాప చిన్నదిగానే ఉండిపోవచ్చు. సింపథెటిక్ గ్యాంగ్లియాన్‌లో నికోటినిక్ ప్రేరణ వల్ల మొదట్లోనే పాపలు పెద్దవిగా, నాడి వేగంగా ఉండే రోగులూ ఉంటారు. "నాడి 120 ఉంది, అట్రోపిన్ వద్దు" అనడం ప్రమాదం. ఆ 120 ఆక్సిజన్ అందక వచ్చింది కావచ్చు.

చూడాల్సినవి: స్టెతస్కోప్‌తో రెండు ఊపిరితిత్తులూ శుభ్రంగా వినిపించాలి, నాడి 80 పైన, సిస్టాలిక్ బీపీ 80 పైన, చంకలు పొడిగా ఉండాలి, పాపలు సూదిమొనలా ఉండకూడదు. మొదటి మూడే నాకు ముఖ్యం. చంక చూడటం అంటే గ్లవ్ వేసుకుని వేలు పెట్టి తడి ఉందా అని తాకి చూడటం. దుస్తులు తీసేసి సబ్బుతో కడిగాక ఒంటి మీద నీళ్లే ఉంటాయి కాబట్టి తుడిచి కొన్ని నిమిషాలాగి తాకాలి.

మోతాదు లెక్క. పెద్దలకు 1.8–3 మి.గ్రా.తో మొదలు. మన ఆంప్యూల్ 0.6 మి.గ్రా., అంటే మూడు ఆంప్యూల్స్‌తో మొదలు. 5 నిమిషాలకి చూడండి. మెరుగు లేకపోతే రెట్టింపు: 6 ఆంప్యూల్స్, తర్వాత 12, తర్వాత 24. అదే మోతాదును మళ్లీ మళ్లీ ఇస్తూ పోతే గంటలు పడుతుంది, ఈలోపు రోగి తన స్రావంలోనే మునిగిపోతాడు. బంగ్లాదేశ్‌లో చేసిన ట్రయల్‌లో, 2012లో అచ్చయింది, ఇలా పెంచుతూ ఇచ్చి తర్వాత ఇన్ఫ్యూజన్ పెట్టిన గుంపులో మరణాలు 8 శాతం, పాత పద్ధతిలో 22.5 శాతం.

నాలుగు విడతలకి 1.8, 3.6, 7.2, 14.4 కలిపి 27 మి.గ్రా., 45 ఆంప్యూల్స్. అప్పటికి ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయనుకుందాం. ఇక ఇన్ఫ్యూజన్: ఎక్కిన మొత్తంలో 10–20 శాతం గంటకి. 10 శాతమంటే గంటకి 2.7 మి.గ్రా. సిరింజ్ పంపులో 30 ఆంప్యూల్స్ (30 మి.లీ., 18 మి.గ్రా.) తీసుకుని సెలైన్‌తో 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 0.36 మి.గ్రా. గంటకి 7.5 మి.లీ. పెట్టాలి. అన్ని ఆంప్యూల్స్ విరగ్గొట్టడానికే ఒక మనిషి కావాలి, అది ముందే చెప్పి నిలబెట్టుకోండి.

ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? పేగు చప్పుడు ఆగిపోవడం, జ్వరం, గందరగోళం, పక్క పీక్కోవడం. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లలో కనిపించే చిత్రమే. అప్పుడు ఇన్ఫ్యూజన్ ఆపి అరగంటకోసారి చూస్తూ, సర్దుకున్నాక పాత వేగంలో 70–80 శాతంతో మళ్లీ మొదలుపెట్టాలి. పూర్తిగా ఆపేసి వదిలేస్తే స్రావం తిరగబెడుతుంది. కొన్ని మందులు కొవ్వులో దాగి రోజుల తరబడి బయటికి వస్తుంటాయి.

ఛాతీవార్డు_రఘు

ఫరీద్ గారూ, దీనికి ఒక్కటి కలుపుతాను. కుడి కింది భాగంలో మాత్రమే గరగర మిగిలి, మిగతా అంతా శుభ్రంగా ఉంటే అది ఎక్కువగా వాంతి ఊపిరితిత్తిలోకి పోవడం వల్ల. దాన్ని పోగొట్టాలని అట్రోపిన్ పెంచుతూ పోతే డెలీరియం వస్తుంది గానీ గరగర పోదు.

క్యాజువాలిటీ_ఫరీద్

సరిగ్గా చెప్పారు. ఈల లాంటి చప్పుడు, రెండు వైపులా సన్నటి గరగర ఉంటే అది అట్రోపిన్ లెక్క. ఒకే చోట ముద్దగా ఉంటే కాదు.

సెకండియర్_స్వాతి

సార్, అట్రోపిన్ సరిపోయి, ఊపిరితిత్తులు శుభ్రపడి, మాట్లాడుతున్న రోగికి రెండో మూడో రోజు మళ్లీ ఊపిరి అందదు అంటారు. ఎం3 మూసే ఉంది కదా, మరి ఎందుకు?

క్యాజువాలిటీ_ఫరీద్

అది మస్కారినిక్ సంగతి కాదు. ఇంటర్మీడియట్ సిండ్రోమ్, సుమారు 24 నుంచి 96 గంటల మధ్య. నరం–కండరం కూడలిలో ఉన్న నికోటినిక్ రిసెప్టర్లు రోజుల తరబడి ఎసిటైల్‌కోలిన్ దెబ్బ తిని అలసిపోతాయి. అట్రోపిన్ అక్కడికి అక్కరకు రాదు, ఎంత పెంచినా కండరం లేవదు. కావలసింది వెంటిలేటర్, వేచి చూడటం.

ముందే పట్టుకోవడానికి రౌండ్స్‌లో ప్రతిసారీ చేయాల్సింది: రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, దిండు తీసేసి, "తల ఎత్తి పట్టుకోండి" అనాలి. నుదుటి మీద అరచేయి పెట్టి కొంచెం ఒత్తి చూడాలి. నిన్న ఎత్తినవాడు ఈరోజు ఎత్తలేకపోతే, ఆక్సిజన్ శాతం బాగున్నా సరే, వార్డుకి పంపకూడదు. ఊపిరి లెక్క, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి పీల్చే గాలి) చూస్తూ ఇంట్యుబేషన్ ట్రే పక్కనే ఉంచుకోవాలి. సీరం కోలినెస్టరేజ్ రిపోర్టు కోసం ఆగొద్దు, మెడ దానికంటే ముందే చెప్తుంది.